దేవరాయలు అబ్దుల్ రజాక్‌కి పంపిన స్వయంపాకం

"ఇలాంటి ఊరుని కంటిపాప ఎన్నడూ చూడలేదు, ఇలాంటిది ఇంకోటుందని చెవి ఎన్నడూ వినలేదు." హంపి గోపురం ఫోటో మీద ఈ వాక్యం వేసి కింద "పర్షియా రాయబారి అబ్దుల్ రజాక్, 1443" అని రాసిన ఫార్వర్డ్ మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూప్‌లోకి మళ్ళీ వచ్చింది. మా పెదనాన్నగారు వెంటనే "చూశారా, పరాయి దేశం వాడు, పరాయి మతం వాడు, వాడే ఒప్పుకున్నాడు" అని పెట్టారు. మా బావ ఊరుకోలేదు, ఇదే మనిషి కాలికట్ జనం గురించి ఎంత నీచంగా రాశాడో తెలుసా మావయ్యా, అలాంటి వాడి మెప్పు మనకెందుకు అని మొదలెట్టాడు. రాత్రి దాకా సాగింది ఆ గొడవ.

నాకు ఇద్దరితోనూ పేచీయే. పెదనాన్నగారు మార్కులు ఎక్కువ వేశాడని సంతోషపడ్డారు, బావ మార్కులు వేయడానికి వాడెవడు అంటున్నాడు, కానీ ఇద్దరూ ఆయన్ని పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారిలాగే చూశారు. ఆయన ఆ పని మీద రాలేదు. ఒక రాజు దగ్గర ఉద్యోగం చేస్తూ, వేరే రాజు పెట్టే తిండి మీద ఆధారపడి, భాష రాని ఊళ్ళో నెలల తరబడి ఉండాల్సి వచ్చిన ఒక ముప్ఫై ఏళ్ళ మనిషి ఆయన. ఒక దేశం ఆచారాల గురించి రాయబారి రాసింది చదివేటప్పుడు ఆయన ఏం తీర్పు ఇచ్చాడన్నది చివర్న చూసుకోవచ్చు, ఆయనకి ఏం అవసరమైంది, అది ఎవరు ఎలా ఇచ్చారు అన్నది ముందు చూడాలి అని నా అభిప్రాయం. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ విషయంలో ఆ పని చేసే వీలే లేదు, ఆయన పుస్తకం పోయింది, వేరేవాళ్ళు ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి. అబ్దుల్ రజాక్ విషయంలో అలా కాదు, ఆయన చెప్పింది చాలావరకు మనకి దక్కింది. అయినా మనం ఆ ఒక్క వాక్యం పట్టుకుని మిగతాది వదిలేస్తున్నాం.

ఇష్టం లేని ప్రయాణం

హెరాత్ (ఇప్పటి ఆఫ్ఘనిస్తాన్‌లో ఉంది) నుంచి ఏలుతున్న తైమూరు వంశపు పాదుషా షారుఖ్ ఆయన్ని పంపింది అసలు విజయనగరానికి కాదు, కేరళ తీరంలోని కాలికట్‌కి. 1442 జనవరిలో హెరాత్ నుంచి బయలుదేరి పర్షియా గల్ఫ్ మొగదలలో ఉన్న హోర్ముజ్ రేవులో ఓడ ఎక్కాడు. ఎక్కగానే ఆ ఓడ వాసనకీ సముద్రం భయానికీ స్పృహ తప్పిపోయి, మూడు రోజులు ఊపిరి ఆడుతోంది కాబట్టి బతికున్నానని తెలిసింది అంతే అని ఆయనే రాసుకున్నాడు. ఈలోపు గాలుల సీజన్ దాటిపోయింది, మస్కట్ వైపు తీరంలో నెలల తరబడి ఇరుక్కుపోయాడు, ఆ ఎండలకి మంచం పట్టాడు, వెంట వచ్చిన అన్నగారు ఆ తీరంలోనే చనిపోయాడు. ఇన్ని పడి నవంబర్‌లో కాలికట్ రేవులో దిగితే ఒంటి మీద గుడ్డ సరిగా లేని జనం కనపడ్డారు, రాజు కూడా అలాగే ఉన్నాడు, అప్పుడు రాసిన మాటలే మా బావ చెప్పినవి. అవి నిజంగానే మోటు మాటలు, నేను వెనకేసుకురాను.

కానీ అదే చోట ఇంకొన్ని రాశాడు. వ్యాపారులు ఓడల్లోంచి సరుకు దింపి వీధుల్లో, బజార్లలో వదిలేసి రోజుల తరబడి దాని మొహం చూడకుండా ఉంటారట, సుంకం అధికారులే కాపలా కాస్తారట, సరుకు అమ్ముడుపోతే నలభయ్యో వంతు పన్ను, పోకపోతే ఏమీ అడగరట. వేరే రేవుల్లో అయితే దారి తప్పి వచ్చిన ఓడని దేవుడే పంపాడని దోచుకుంటారు, ఇక్కడ ఏ ఓడకీ ఆ భయం లేదు అంటాడు. రాజు తర్వాత కొడుకు కాకుండా మేనల్లుడు గద్దెనెక్కుతాడని కూడా రాశాడు, దాని మీద మాత్రం ఏ వెక్కిరింపూ లేదు.

అంటే ఒంటికి సంబంధించిన ఆచారం దగ్గర ఆయన హెరాత్ పెంపకం బయటికొచ్చింది, బజారుకి సంబంధించిన ఆచారం దగ్గర పని తెలిసిన ఉద్యోగి కన్ను పనిచేసింది. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఒకటి చూపించి రెండోది దాచేస్తే ఆయన గురించీ తెలీదు, కాలికట్ గురించీ తెలీదు.

చెమట, విసనకర్ర

విజయనగరం రాజు రెండో దేవరాయల కబురు రాగానే కాలికట్ వదిలి మంగళూరు దాకా సముద్రం మీద, అక్కణ్ణుంచి నేల మీద ప్రయాణం చేసి 1443 ఏప్రిల్ చివర్లో చేరాడు. హంపిలో ఏప్రిల్, మే ఎండలు ఎలా ఉంటాయో వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు, బళ్ళారి వైపు రాయి అంతా సాయంత్రం దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది.

దర్బారు సంగతి రాస్తూ రాజు శాటిన్ అంగీ వేసుకుని, మెడలో వెలకట్టలేని ముత్యాల పట్టీ పెట్టుకుని ఉన్నాడంటాడు, సన్నగా కొంచెం పొడుగ్గా ఉన్నాడు, చాలా చిన్నవాడు, గడ్డం కూడా సరిగా రాలేదు అంటాడు. రాజు ఉత్తరం అందుకుని, అంత గొప్ప పాదుషా నాకు రాయబారిని పంపినందుకు సంతోషం అన్నాడట. ఇక్కడ ఆయన ఒక చిన్న సంగతి చెప్తాడు, నాకు ఈ మొత్తం కథనంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. వేసుకున్న బట్టల బరువుకీ ఆ ఎండకీ తను చెమటతో తడిసి ముద్దవుతుంటే, రాజు చూసి జాలిపడి, తన చేతిలో ఉన్న విసనకర్రని తనకి ఇచ్చాడట.

కాలికట్‌లో బట్టలు లేనివాళ్ళని చూసి ముక్కు చిట్లించుకున్న మనిషికి ఆరేడు నెలలు తిరక్కుండానే తన బట్టలే శిక్ష అయ్యాయి. ఆ రెండిటినీ ఆయన కలిపి ఆలోచించాడా అంటే, ఆలోచించినట్టు ఎక్కడా రాయలేదు. కానీ చెమట సంగతి దాచుకోలేదు. పాదుషా ప్రతినిధిగా వెళ్ళినవాడు పరాయి రాజు ముందు చెమటలు కక్కానని రాసుకోవాల్సిన పని లేదు కదా, దానివల్ల షారుఖ్‌కి గానీ తనకి గానీ పెరిగే గౌరవం ఏమీ లేదు. అందుకే ఈ వాక్యాన్ని నేను నూటికి నూరు పాళ్ళు నమ్ముతాను, దీనివల్ల ఇరవయ్యేళ్ళు దాటని కుర్రాడిలా కనపడ్డ ఆ రాజు నాకు ముత్యాల పట్టీ వల్ల కంటే బాగా అర్థమవుతాడు.

రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్ళు

ఆ మొదటి రోజు తమలపాకుల కట్టలు రెండు, ఐదొందల పణాల సంచి, ఇరవై మిస్కాళ్ళ (అదొక చిన్న తూకం) దాకా కర్పూరం ఇచ్చి పంపారు. ఆ తర్వాత రోజూ బసకి వచ్చేవి ఇవి: రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్ళు, ఐదు మణుగుల బియ్యం, ఒక మణుగు వెన్న, ఒక మణుగు చక్కెర, రెండు వరహాలు. వండిన పదార్థం ఇందులో ఒక్కటీ లేదు, గమనించారా?

మన ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇదేంటో ఇట్టే తెలుస్తుంది. ఇది స్వయంపాకం. మన చేతి వంట తినని అతిథి వస్తే బియ్యం, పప్పు, నెయ్యి, కూరలు, చింతపండు అన్నీ విస్తట్లో పెట్టి, తాంబూలం, దక్షిణతో సహా ఇస్తాం, ఆయన తనే వండుకుంటాడు. రాయలు రాయబారికి చేసింది కూడా అదే పద్ధతి అని నాకు అనిపిస్తుంది, కాకపోతే పప్పు చోట గొర్రెలు, కోళ్ళు వచ్చాయి, ఎందుకంటే ఆ అతిథి మాంసం తింటాడు, అది కూడా తన పద్ధతిలో తన మనిషి కోస్తేనే తింటాడు. ఎవరి పట్టింపు వాళ్ళకి ఉంచేసి మధ్యలో ఒక దారి తీశారు.

రాజు ఆ మాట నోటితో కూడా అన్నాడట. మీ రాజులు రాయబారిని పిలిచి తమ పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెడతారు, మీరూ మేమూ కలిసి తినకూడదు కాబట్టి ఈ బంగారం సంచినే నేను రాయబారికి ఇచ్చే విందు అనుకో అని దుబాసీ చేత చెప్పించాడు. వాళ్ళ ఆచారం ఏమిటో రాజుకి తెలుసు, తన ఆచారం ఆ మర్యాద చెయ్యనివ్వదని తెలుసు, ఆ లోటు తన వైపు నుంచే ఉందని ఒప్పుకుని దానికి బదులు ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు. రాయబారి మన ఆచారాలు చూశాడని అంటాం గానీ ఇక్కడ రాజే రాయబారి ఆచారాలు ముందు తెలుసుకుని మాట్లాడాడు.

ఇంతవరకు రాసి చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే మా తాతయ్య వాళ్ళ ఇల్లు గుర్తొచ్చింది. వ్యవసాయం ఇల్లు. పంచాంగం చెప్పడానికి పక్కూరి నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు, ఆయనకి నాయనమ్మ స్వయంపాకం ఇచ్చేది, ఆయన వసారా చివర మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకునేవారు, మేం పిల్లలం అటు వెళ్ళకూడదు, అదంతా గౌరవం. అదే ఇంట్లో పొలం పనికొచ్చిన మనిషి దొడ్డి వైపు కూర్చుని తను తెచ్చుకున్న గిన్నెలో పెట్టించుకుని తినేవాడు, ఆ గిన్నె తనే కడుక్కుని తీసుకుపోయేవాడు. నాయనమ్మ చెయ్యి పెద్దది, ఆయనకి ఎప్పుడూ తక్కువ పెట్టలేదు. కానీ అది గౌరవం అని ఎవరూ అనుకోలేదు, ఆయన కూడా అనుకుని ఉండడు. కలిసి తినకూడదు అన్న రూలు రెండు చోట్లా ఒక్కటే. పైకి వెళ్ళేటప్పుడు మర్యాద అయింది, కిందకి వచ్చేటప్పుడు అవమానం అయింది.

మరి దేవరాయల బంగారం సంచి ఎటువైపుది? షారుఖ్ లాంటి పాదుషా మనిషి కాబట్టి ఆ రూలు బంగారం రూపంలో వచ్చింది. ఆ ఊళ్ళోనే చెప్పులు కుట్టేవాడికో, రాళ్ళు మోసేవాడికో అదే రూలు ఏ రూపంలో వచ్చిందో అబ్దుల్ రజాక్ రాయలేదు, రాజుగారి బసలో ఉన్న మనిషికి అది కనపడే అవకాశం కూడా తక్కువ. రాయబారికి కనపడే ఆచారం అంటే రాయబారికి చూపించే ఆచారం. నాకు ఆ రాజు మాట ఎంత నచ్చినా, దాన్ని పట్టుకుని మన పూర్వీకులు ఎంత సహనంగా ఉండేవాళ్ళో చూడండి అని ఇంకో ఫార్వర్డ్ తయారుచేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

ఆయన కంటికి ఆనని టోపీ

అదే దేవరాయల కొలువుకి మనవాడు కూడా ఒకాయన వెళ్ళాడు. ఆ కొలువులో పండితుడు గౌడ డిండిమభట్టుని వాదంలో ఓడించి, అతని కంచుఢక్క పగలగొట్టించి, దీనార టంకాలతో కనకాభిషేకం చేయించుకున్న శ్రీనాథుడు. ఆ గెలుపుకి ముందు దర్శనం దొరక్క పడ్డ పాట్లు చెప్పే చాటువు ఆయన పేరు మీదే ఉంది, తెలుగు మేష్టార్లు క్లాసులో చెప్పే ఉంటారు: కుళ్ళాయి పెట్టుకున్నాను, కోక చుట్టాను, పెద్ద కుప్పసం తొడిగాను, వెల్లుల్లి, నువ్వుపిండి తిన్నాను, చల్లా అంబలి తాగాను, తల్లీ కన్నడ రాజ్యలక్ష్మీ, ఇంకా దయ రాలేదా అని.

ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చదివితే చాలా తెలుస్తుంది. ఇద్దరూ పరాయివాళ్ళే. ఇద్దరికీ బట్టలతో ఇబ్బందే, కాకపోతే హెరాత్ ఆయన తన సొంత బట్టల్లో ఉడికిపోయాడు, తెలుగాయన వాళ్ళ బట్టల్లో ఇమడలేకపోయాడు. శ్రీనాథుడికి మొట్టమొదట కొట్టొచ్చినట్టు కనపడింది ఆ కుళ్ళాయి. తిరుమల గుళ్ళో శ్రీకృష్ణదేవరాయల విగ్రహం నెత్తి మీద చూస్తాం కదా, పొడుగాటి టోపీ, అదే. అది పడమటి తురక కొలువుల నుంచి విజయనగరం దర్బారు తీసుకున్న వేషం అని చరిత్రకారులు చెప్తారు. అబ్దుల్ రజాక్ ఆ టోపీని వింతగా ఎక్కడా చెప్పడు. ఆయన ఊళ్ళో టోపీ, అంగీ రోజూ చూసేవే, వాటిల్లో ఆయనకి రాయదగ్గ సంగతి ఏముంటుంది? తెలుగాయనకి పరాయిగా అనిపించింది ఆయనకి సొంత ఇంటిదిలా ఉంది. ఆయన ఒక్కడి రాతే మిగిలి ఉంటే ఆ కొలువు ఎంత ఇరాన్ వాసన వేస్తోందో మనకి తెలిసేది కాదు.

ఆదరణ విషయం కూడా చూడండి. షారుఖ్ మనిషిని వారానికి రెండుసార్లు సాయంత్రం పూట పిలిపించుకుని పాదుషా కబుర్లు అడిగేవాడట రాజు. శ్రీనాథుడు రాజ్యలక్ష్మిని బతిమాలుకున్నాడు. అతిథిని ఆదరించడం మన ఆచారం అని ఒక్క మాటలో అనేస్తాం, కానీ ఎవరు అతిథి అన్నదాన్ని బట్టి ఆచారం ఎంత సాగుతుందో ఈ ఇద్దరూ చెప్తున్నారు.

ఇంకోటి కూడా ఉంది. హంపిలో మహర్నవమి దిబ్బ చుట్టూ ఉన్న చెక్కడాల్లో ఏనుగులు, గుర్రాలు, వేటలతో పాటు మొనదేలిన టోపీలు పెట్టుకున్న పరదేశీయులు కూడా ఉన్నారు. గైడ్లు ఆ చోట ఎక్కువ ఆగరు, తొందరగా పైకి ఎక్కించేస్తారు. అక్కడ కాసేపు నిలబడాలి. వాళ్ళు మనల్ని చూసి రాసుకున్నారు, మనవాళ్ళు వాళ్ళని చూసి చెక్కుకున్నారు.

లెక్కలు, విన్నవి, కన్నవి

ఆయన ఇచ్చిన అంకెల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మూడొందల రేవులు, పదకొండు లక్షల సైన్యం, ఇవి ఎవరో చెప్తే విన్నవే అయ్యుంటాయి, లెక్కపెట్టేవి కావు. దేవరాయల తమ్ముడు కొత్త ఇల్లు కట్టి విందుకి పిలిచి, డోలు బాకాల మోతలో పెద్దల్ని ఒక్కొక్కర్నీ లోపలికి తీసుకెళ్ళి చంపించి, చివరికి రాజునే పొడిచాడు, రాజు బతికాడు అన్న కథ కూడా ఆయన కాలికట్‌లో ఉండగా జరిగింది, కళ్ళతో చూసింది కాదు. తమలపాకుల గుణాలు చెప్పి చెప్పి రాజుగారి అంతఃపురంలో ఏడొందల మంది ఉండటానికి కారణం బహుశా ఇదే అంటాడు, అక్కడ ఆయన చూసింది తమలపాకు ఒక్కటే.

ఒకటి చూసి అందరికీ అంటగట్టడం పరాయి ఊళ్ళో ఎవరికైనా తేలిగ్గా జరిగిపోయేదే. మా ఆఫీసుకి బయటి దేశం నుంచి వచ్చిన ఒకాయన్ని ఓసారి ఇంటికి భోజనానికి పిలిచాం, అమ్మ దగ్గరుండి వడ్డించింది, తను తినలేదు. ఆయన వెనక్కి వెళ్ళాక చాలా ప్రేమగా రాసిన మెయిల్‌లో "మీ దేశంలో ఇంటి తల్లి అతిథితో పాటు తినదు" అని రాశాడు. ఆ రోజు శనివారం, అమ్మ ఒంటిపొద్దు, అంతే.

కానీ తన చేతికి తగిలిన వాటి దగ్గర అబ్దుల్ రజాక్ చాలా గట్టిగా ఉంటాడు. నాణేలు చూడండి, వరహాలో సగం ప్రతాప, దాంట్లో పదో వంతు పణం, పణంలో ఆరో వంతు వెండి తార, తారలో మూడో వంతు రాగి జీతల్ అని పేర్లతో సహా ఇచ్చాడు, రోజూ రెండు వరహాలు మార్చుకునే మనిషికి అవి తెలియక తప్పదు. తాటాకు మీద ఇనప గంటంతో గీస్తారు, నల్లగా చేసిన పలక మీద మెత్తటి తెల్ల రాయితో కూడా రాస్తారు అని గుమస్తాల పని రాశాడు, తనూ రాతకోతల మనిషే కదా. ఏనుగులకి కిచిడీ వండి, ఉప్పు వేసి, చక్కెర చల్లి, ముద్దలు చేసి వెన్నలో ముంచి నోట్లో పెడతారు, ఏదన్నా తక్కువైతే ఏనుగు మావటి మీద పడుతుంది అని రాశాడు. అది పక్కన నిలబడి చూస్తే తప్ప రాయలేరు.

ఇక్కడ నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది. రోజూ రెండు గొర్రెలు, బంగారం తీసుకున్నవాడు పొగడక ఏం చేస్తాడు? దీనికి నా జవాబు, ఆయన ఇది రాసింది హెరాత్‌లో, సొంత పాదుషాల చరిత్రలో భాగంగా, దేవరాయలు 1446లోనే పోయాడు, ఆయన్ని మెప్పించి వచ్చేదేమీ లేదు. కానీ ఆ జవాబు సగమే. ఊరు ఎంత గొప్పదైతే ఆ ఊరికి వెళ్ళొచ్చిన రాయబారి కూడా అంత గొప్పవాడవుతాడు, కంటిపాప చూడలేదన్న వాక్యంలో ఆ లాభం ఆయనకి తప్పకుండా ఉంది. గొర్రెల లెక్క చెప్పడంలో కూడా నన్ను ఎలా చూసుకున్నారో చూడండి అన్న ధ్వని ఉండొచ్చు.

అయినా నేను ఆయన వైపే మొగ్గుతాను, కారణం ఆ గొర్రెలు ఆగిపోయిన సంగతి కూడా ఆయనే చెప్పాడు. హోర్ముజ్ వాళ్ళు కొందరు వచ్చి ఈయన షారుఖ్ పంపిన మనిషే కాదని పుకారు పుట్టించారు. మంత్రి దండనాయకుడు గుల్బర్గా మీదకి దండయాత్రకి వెళ్ళాడు, ఆయన చోట కూర్చున్నవాడు ఈయనకి రోజూ వచ్చే సరుకు, డబ్బు ఆపేశాడు. దండనాయకుడు తిరిగొచ్చి అతన్ని చివాట్లు పెట్టి, ఆ రోజే ఏడు వేల వరహాలకి టంకశాల మీద చీటీ ఇప్పించాడు. ఆచారం రాజుగారిదైనా అది నడిచేది మధ్యలో ఉన్న అధికారి చేతి మీద అని ఆకలి తెలిసినవాడే రాయగలడు.

1443 డిసెంబర్‌లో సెలవు తీసుకునేటప్పుడు రాజు ఆయనతో, నిన్ను నిజంగా పాదుషా పంపలేదని అంటున్నారు, లేకపోతే ఇంకా బాగా చూసుకునేవాళ్ళం అన్నాడట. పాదుషా చరిత్రలో, పాదుషా మనుషులు చదివే చోట, పరాయి రాజు నన్ను దొంగ రాయబారి అనుకున్నాడని రాసుకోవడం చిన్న విషయం కాదు. అది దాచుకోని మనిషే విజయనగరం బజార్లలో గులాబీలు రాసులు పోసి అమ్ముతారని, ఈ జనం అవి లేకుండా బతకలేరని, అన్నం ఎంతో అవీ అంతే అనుకుంటారని కూడా రాశాడు, ఆ గులాబీల మాట నేను నమ్ముతాను, పదకొండు లక్షల సైన్యం సంగతి మా పెదనాన్నగారు, బావ తేల్చుకోవాలి.